కొత్త ఫిల్లింగ్ ఉన్నా పన్ను జివ్వుమంటోంది, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. కింది దవడ పళ్లలో ఒకటి పుచ్చితే పన్నెండేళ్ల కిందట వెండి ఫిల్లింగ్ పెట్టించాను, అది బాగానే ఉంది. నిరుడు మరో పంటికి పెట్టించిన తెల్ల ఫిల్లింగ్ పక్కన మాత్రం అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. వెండిదానిలో పాదరసం ఉంటుందంటున్నారు. దాన్నీ తీయించి తెల్లది పెట్టించుకోవాలా? - ఒక సోదరి, నల్గొండ

జవాబు: వెండి ఫిల్లింగ్‌ను కదిలించకండి. అందులో దాదాపు సగం పాదరసమే అయినా అది ఇతర లోహాలతో కలిసి గట్టిపడి ఉంటుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచినప్పుడే ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది, పైగా దానితోపాటు మంచి పన్ను కూడా కొంత పోతుంది. నిజానికి ఈ లోహం పంటికి అతుక్కోదు. మొదట్లో అంచున సన్నని సందు ఉంటుంది గానీ, నోటి తడికి లోహం కొద్దికొద్దిగా తుప్పుపట్టి, నెలలు గడిచేకొద్దీ ఆ తుప్పే సందును పూడ్చేస్తుంది. తుప్పును చూసి సంతోషించేది బహుశా మా దంతవైద్యులమే.

తెల్లదైన కాంపోజిట్ తీరు వేరు. నీలికాంతికి గట్టిపడేటప్పుడు అది సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ లాగుడుకు అంచు ఊడిరాకుండా పట్టి ఉంచాల్సింది కింద పూసిన జిగురే. ఆమ్లంతో గరుకు చేసిన పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్‌పై ఆ పట్టు గట్టిగా ఉంటుంది. రెండు పళ్ల మధ్య, చిగురు దగ్గర, అంచు దాని లోపలి పొర అయిన డెంటిన్‌పై పడినచోట అంతగా ఉండదు. పైగా జిగురు పూసే సమయంలో బుగ్గలో పెట్టిన దూది చుట్ట తడిసి కాస్త లాలాజలం గుంతలోకి జారినా పట్టు చెడుతుంది. అందుకే పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి చేసే చోట చేయించుకోవడం మేలు.

మీది నల్గొండ కాబట్టి మరో మాట అడగాలి: పళ్లపై గోధుమరంగు మచ్చలున్నాయా? ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు మచ్చలు పడటం) వచ్చిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు. దాన్ని కాస్త గీసి, ఆమ్లాన్ని మామూలు కన్నా ఎక్కువసేపు ఉంచాల్సి రావచ్చు.

ముందు ఎక్స్‌రే తీయించండి. పక్క పన్నుకూ ఫిల్లింగ్‌కూ మధ్య ఖాళీ ఉండిపోయినా మెతుకులు ఇరుక్కుంటాయి, అప్పుడు తప్పు అతుకుది కాదు, ఆకారానిది. అంచే వదిలి ఉంటే, చిగురు వైపు గ్లాస్ అయానమర్ అనే మరో రకం ఫిల్లింగ్ పదార్థం వేసి పైన కాంపోజిట్ పెట్టవచ్చేమో మీ డాక్టరును అడగండి. గ్లాస్ అయానమర్ పంటిలోని కాల్షియంతో నేరుగా అతుక్కుంటుంది, కొద్దిగా ఫ్లోరైడ్‌నూ విడుదల చేస్తుంది. కాకపోతే నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది కనుక పైపొరగా పనికిరాదు.

జివ్వుమనడం రెండు మూడు క్షణాల్లో తగ్గితే కొన్ని రోజుల్లోగా చూపించుకున్నా ఫరవాలేదు. నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, రాత్రి నిద్రలేపినా పుచ్చు నరం దాకా చేరి ఉండవచ్చు, అప్పుడు వెంటనే వెళ్లండి.