చింతపండు జోలికి పోకు

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో శిక్షణకు చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మైసూరుపాకు తెచ్చి పక్కింటివాళ్లకు కూడా పంచాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే పెట్టి వెళ్లు. విగ్రహాన్ని చేయి పట్టుకునో, ప్రభావళి పట్టుకునో ఎత్తకు. పీఠం కింద నీ చేయి ఉండాలి. కదిలించే ముందే దాని మీది గీతలు, పగుళ్లు రిజిస్టరులో రాయి, లేకపోతే పాతవన్నీ నీ ఖాతాలోకి వస్తాయి. 1639లో మదరాసు స్థలాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చింది ఈ మహలులోనేనా అని అడుగుతారు. అలా చెప్పుకుంటారను, అంతే. పక్కనుండి చూసినట్టు కథ అల్లకు.

ఇక అసలు సంగతి. నీవి అచ్చం మీ నాయనమ్మ చేతులు. ఇత్తడి చెంబు మాసి కనిపిస్తే ఊరుకోవు. నా భయమంతా అదే.

మ్యూజియం ఉద్యోగంలో నాకది మూడో ఏడు. ఎక్కడో అడగకు. మర్నాడు ఎవరో పెద్ద అధికారి వస్తున్నారన్నారు. అద్దాల బీరువాలో జానెడు దీపలక్ష్మి, అదే దీపం పట్టుకున్న ఆడబొమ్మ, ఉండేది. కంచుది, ముదురాకుపచ్చ కిలుముతో నల్లగా ఉండేది. మాసిపోయిందే అనిపించింది. ఎవరినీ అడగకుండా ఇంటి నుంచి చింతపండు, ఇటుకపొడి పొట్లం కట్టుకెళ్లి, అమ్మ సంక్రాంతికి చెంబులు తోమినట్టు తోమాను. బంగారంలా మెరిసింది. వచ్చినాయన మెచ్చుకున్నాడు కూడా. ఆ మత్తు నాకు వారం దాకా దిగలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఒకరోజు బీరువా తెరిస్తే బొమ్మ మోకాలి దగ్గర లేతాకుపచ్చ పొడి. తుడిచాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. రసాయన విభాగం పెద్దాయన వచ్చి భూతద్దం నా చేతికిచ్చాడు. కనురెప్పల గీత లేదు. మెళ్లో పూసలు అరిగి ఒక్క తాడులా మిగిలాయి. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గట్టిగా, నున్నగా పట్టిన ముదురు కిలుము ఆ బొమ్మకు చర్మం తల్లీ. వందల ఏళ్లకు గానీ అలా పట్టదు. నేను పులుసు పెట్టి దాన్ని ఒలిచేశాను. లోపల దాగిన ఉప్పుకు తేమ తగిలింది. ఆ రెండూ కలిసి పుట్టే జబ్బే లేతాకుపచ్చ పొడి; అది కంచును తినేస్తుంది. అది కనిపిస్తే తుడవకు. బొమ్మను పొడి చోటికి మార్పించి, వెంటనే రసాయన విభాగానికి కబురు పెట్టు. రాళ్లతో, సున్నంతో కట్టిన పాత మహలులో, ముసురు రోజుల్లో, రోజూ చూడు.

ఆ నెలలోనే తిరుమల వెళ్లాను. మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలుచున్న కృష్ణదేవరాయల రాగి విగ్రహం ఉంటుంది కదా. కళ్లెత్తి చూడలేక వరుసలో ముందుకు జరిగిపోయాను.

చేయి మరీ దురద పెడితే గురువారం సాయంత్రం ఇక్కడికి రా. శుక్రవారం మీ మ్యూజియానికి సెలవే. అమ్మ కుందులు కిలుము పట్టి ఉన్నాయి, నా కీళ్లు ఒప్పుకోవడం లేదు. చింతపండు నానబెట్టి ఉంచుతాను.

పెదనాన్న