ఢిల్లీ వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. మూడు రోజుల్లో పదిహేడు చోట్లు, పైగా ఆగ్రా! ముందు ఆగ్రా కొట్టెయ్. మీ అమ్మ మోకాళ్లు గుర్తుపెట్టుకుని మళ్లీ రాయి.

ఇరవై ఎనిమిదేళ్లు అక్కడ ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను, ఢిల్లీ అంటే నాలుగైదు ఊళ్లు, ఒక్కోటీ ఒక్కో కాలంలో కట్టింది. అన్నిట్లోకీ ఒకేరోజు పరిగెడితే ట్రాఫిక్ తప్ప ఏమీ గుర్తుండదు. రోజుకో ఊరు పెట్టుకోండి.

పాత ఢిల్లీకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, కానీ సోమవారం వద్దు, ఎర్రకోట మూసేస్తారు. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648కి పూర్తి చేసిన కోట అది, ఎండ ఎక్కకముందే చూసేసి బయటికొస్తే ఎదురుగా చాందినీ చౌక్. పగలు ఆ పెద్ద రోడ్డు మీదకి కార్లూ ఆటోలూ రానివ్వరు, అందుకని మీ అమ్మకి సైకిల్ రిక్షా మాట్లాడు, ఎక్కకముందే రేటు తేల్చుకో. ఆ చివర ఫతేపురి మసీదు పక్కనే ఖారీ బావలీ, మసాలా దినుసుల బజారు. మిరపకాయల ఘాటుకి దగ్గు ఆగదు, పిల్లలకి చేతిరుమాలు ఇచ్చి పంపు. అయినా ఆ బజారు మాత్రం మానొద్దు. జామా మసీదుకి నమాజు వేళలు కాకుండా చూసుకుని వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం అసలు వద్దు.

నాకు ప్రాణమైన చోటు హుమాయూన్ సమాధి. తాజ్‌మహల్ మొదలుపెట్టడానికి అరవై ఏళ్ల ముందే పూర్తయింది. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఎర్రరాయి మీద ఎండ పడే తీరు చూడాలి, గంటసేపు ఊరికే కూర్చోండి. పైకి మెట్లు నిటారుగా ఉంటాయి, మీ అమ్మని తోటలోనే కూర్చోబెట్టు, అక్కణ్ణుంచీ బాగానే కనిపిస్తుంది. కుతుబ్ మీనార్ మరో రోజు. అక్కడి ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ల నాటిది, పెద్దగా తుప్పు పట్టలేదు, పిల్లలకి తప్పకుండా చూపించు.

తిరగడానికి మెట్రో చాలు. ముందు పెట్టె ఆడవాళ్లది, నువ్వూ అమ్మా అందులో ఎక్కండి. ఆఫీసు వేళల్లో మాత్రం రాజీవ్ చౌక్‌లో దిగి రైలు మారొద్దు, మీ అమ్మ ఆ తోపులాటలో నిలబడలేదు.

ఇంకొకటి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్టేషన్ బయట ఒకతను మా లాడ్జి మూసేశారని చెప్పి ఇంకోచోటికి తీసుకెళ్లి మూడింతలు గుంజాడు. ఎవరేం చెప్పినా ఆగకుండా హోటల్‌కి ఫోన్ చెయ్.

డిసెంబరు చివర కాబట్టి పొగమంచుకి రైళ్లు గంటల కొద్దీ ఆలస్యం అవుతాయి. దిగిన రోజు ఏ టికెట్లూ బుక్ చెయ్యకు.

బావగారికి రెండో రోజుకే రొట్టెలు మొహం మొత్తుతాయి, నాకు తెలుసు. ఇండియా గేట్‌కి దగ్గర్లోనే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి, అన్నీ మన వంటే. ఒంటిగంటకి క్యూ పెరిగిపోతుంది, పన్నెండున్నరకల్లా అక్కడ ఉండండి.

మీ మావయ్య