మీ ప్రశ్న – మా జవాబు: అరుదైన జబ్బుల సంఘాలు నడిపేవాళ్లకు

ఉత్తర తెలంగాణ జిల్లాల్లో అరుదైన జబ్బులున్న కుటుంబాలకు తోడు నిలుస్తున్న వాలంటీర్లు రాసిన ఉత్తరాలివి. మందు పేరు, మోతాదు అడిగిన ఉత్తరాలు పక్కన పెట్టాం. అవి డాక్టరు చెప్పాల్సినవి. సంఘం పనికి సంబంధించిన వాటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మాకు కొత్త కుటుంబాల నుంచి ఫోన్లు వస్తుంటాయి. "బాబుకు ఏదో జన్యువుల జబ్బట, లక్షల్లో ఖర్చట" అని ఏడుస్తూ మొదలుపెడతారు. మొదట ఏం అడగాలి? ఎక్కడికి పంపాలి? — వాలంటీరు, భూపాలపల్లి

జవాబు: ముందు ఏడవనివ్వండి. కాసేపు ఏమీ అడక్కండి. ఆ తర్వాత తెలుసుకోవాల్సిన మొదటి సంగతి: జబ్బు ఖాయమైందా, ఇంకా అనుమానమేనా? చాలామంది చేతిలో ఉండేది అనుమానం రాసిన చీటీ మాత్రమే. ఖాయం కావాలంటే జబ్బును బట్టి ఎంజైమ్ పరీక్షో, జన్యు పరీక్షో, రెండూనో కావాలి. ఆ రిపోర్టు లేకుండా హైదరాబాద్ వెళ్తే ఒక ట్రిప్పు, రెండు రోజుల కూలి పోతాయి.

రిపోర్టు ఉంటే జబ్బు పేరు ఫోన్లో చెప్పించుకోవద్దు. ఫొటో తీసి, సంఘంలో ఒక్కరికే పంపమనండి. గ్రూపులో పెట్టనివ్వద్దు. ఒక్క అంకె మారితే మందే మారిపోతుంది. ఎంపీఎస్ అనేది ఒంట్లో ఒక ఎంజైమ్ కొరవడే జన్యు జబ్బు. దాని ఒకటో రకానికి లారోనిడేజ్ అనే మందు, రెండో రకానికి ఐడర్సల్ఫేజ్. రెండూ వారం వారం ఎక్కించేవే అయినా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. "ఎంపీఎస్ అన్నారు సార్" అన్న మాట పట్టుకుని పరుగెడితే తప్పుడు ఆశ పెట్టినవాళ్లమవుతాం. జన్యు రిపోర్టులో "ప్రాముఖ్యం తేలని మార్పు" అనే అర్థంలో వీయూఎస్ అని ఉంటే జబ్బు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. దాన్ని విడమరచాల్సింది జెనెటిక్స్ డాక్టరు. మీరు వివరించబోకండి.

వెళ్లాల్సిన చోటు: 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో కేంద్రంగా గుర్తించింది పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిని, దానితో కలిసి పనిచేసే డీఎన్ఏ పరిశోధన, పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని. ఈ విధానం కిందికి వచ్చే జబ్బుల జాబితా ఉంది. అందులో ఉన్న జబ్బుకు ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు చికిత్స సాయం అందుతుంది. 2021లో పరిమితి 20 లక్షలే, అదీ ఒక్కసారి చికిత్సతో నయమయ్యే మొదటి గ్రూపు జబ్బులకే. 2022లో అన్ని గ్రూపులకూ 50 లక్షలు చేశారు. డబ్బు కుటుంబం చేతికి రాదు, చికిత్స చేసే కేంద్రానికే వెళ్తుంది. ఎవరికి ఇవ్వాలన్నది అక్కడి నిపుణుల కమిటీ తేలుస్తుంది. "మేం ఇప్పిస్తాం" అన్న మాట మీ నోట రాకూడదు.

ఇంకొకటి ముందే చెప్పండి. జీవితాంతం ఖరీదైన మందు కావాల్సిన జబ్బుల్లో మోతాదు బరువును బట్టి ఉంటుంది. పిల్లవాడు 10 కిలోల నుంచి 20 కిలోలకు పెరిగితే మందూ దాదాపు రెట్టింపవుతుంది. 50 లక్షలు అనుకున్నంత కాలం రావు. కేంద్ర ప్రభుత్వ విరాళాల పోర్టల్‌లో బిడ్డ వివరాలు పెట్టించడం లాంటి ఇతర దారులు డబ్బు అయిపోయాక కాదు, చికిత్స మొదలైన నాడే చూడాలి. మధ్యలో మందు ఆగితే, అప్పటిదాకా దక్కిన మెరుగుదల వెనక్కి పోతుంది.

కాగితాల ఫైలు మూడు సెట్లు చేయించండి: ఖాయమైన రిపోర్టు, పాత చీటీలన్నీ తేదీల వరుసలో, పుట్టిన సర్టిఫికెట్, బిడ్డ ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు. పని ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆసుపత్రి చీటీలో ఇంటిపేరు లేకుండా, ల్యాబు రిపోర్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉంటుంది. మూడూ వేర్వేరు పిల్లల పేర్లలా కనిపిస్తాయి. రక్తం ఇచ్చే రోజే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించమని చెప్పండి. ఐదేళ్లు దాటిన పిల్లలకు వేలిముద్రలు అప్‌డేట్ అయ్యాయో లేదో కూడా చూడండి.

ప్రశ్న: మేం ఆరు కుటుంబాలం నెలనెలా కలుస్తున్నాం. సొసైటీ రిజిస్ట్రేషన్ చేయించాలా? — హన్మకొండ

జవాబు: కలిసి మాట్లాడుకోవడానికి, నిమ్స్ దారి చెప్పుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎవరి దగ్గరైనా రూపాయి తీసుకునే రోజుకు ముందు మాత్రం చేయించండి. ఒకరి సొంత ఖాతాలోకి విరాళాలు వస్తే అవి ఆ మనిషి ఆదాయంలా కనిపిస్తాయి. పన్ను చిక్కు సంగతి అటుంచి, ఆర్నెల్లలో అనుమానాలు మొదలవుతాయి.

తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మీరు ఆరు కుటుంబాలే అయినా భార్యాభర్తలను వేర్వేరు సభ్యులుగా రాసి లెక్క సరిపెట్టవద్దు. ఏడో మనిషిగా జబ్బుతో సంబంధం లేని ఒకరిని తీసుకోండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, టీచరో అయితే మంచిది. కోశాధికారి పని వాళ్లకే ఇవ్వండి. పిల్లవాడిని తీసుకుని 20 రోజులు ఆసుపత్రిలో ఉన్న తల్లి రసీదులు రాయలేదు, రాయమనడం న్యాయమూ కాదు.

నియమావళిని జిరాక్స్ సెంటర్‌లో దొరికే నమూనా నుంచి ఎత్తిరాయకండి. అందులో కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, ఎక్కువ పెడతారు. మన సభ్యుల్లో సగం మంది ఎప్పుడూ ఏదో వార్డులోనే ఉంటారు. కోరం నిండక సమావేశాలు వాయిదా పడుతుంటే, ఏడాదికోసారి కమిటీ పేర్లు రిజిస్ట్రార్‌కు పంపడం కూడా ఆగిపోతుంది. కోరం తక్కువ పెట్టుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలని, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని, పదవి రెండేళ్లేనని రాసుకోండి. విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదు కావాలి. 2,000 రూపాయలు దాటి నగదు ఇచ్చినవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదని రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించండి.

ప్రశ్న: మా ఊరివాళ్లు సగం మంది దుబాయి, అమెరికాల్లో ఉన్నారు. డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా? — జగిత్యాల

జవాబు: ఎక్కడ ఉన్నారన్నది కాదు, ఏ దేశ పౌరులన్నది చూడాలి. దుబాయిలో పనిచేసే మన ఊరి తమ్ముడి దగ్గర ఉన్నది భారత పాస్‌పోర్టే. ఆయన తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్న అన్నయ్య పంపితే మాత్రం, ఇంట్లో తెలుగే మాట్లాడినా, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. ఆ నమోదు కొత్త సంఘానికి తేలిగ్గా రాదు. మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. ఖాతా కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. క్యూఆర్ కోడ్‌ను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వదిలేస్తే ఎవరు పంపుతున్నారో మీకు తెలియదు. వదలకండి.

ప్రశ్న: మా గ్రూపుల ఒకాయన స్టెమ్ సెల్స్ తోటి మజిల్ జబ్బు నయమైతదని, ఇంకొకాయన ఏదో పసరు పొడి ఇప్పిస్తనని పెడుతున్నరు. తీసేస్తే కొందరు తల్లిదండ్రులు కోపం చేస్తున్నరు. ఏం జెయ్యాలె? — మహబూబాబాద్

జవాబు: తీసెయ్యండి. కానీ చెప్పి తీసెయ్యండి, ఆ తల్లిదండ్రులకు విడిగా ఫోన్ చెయ్యండి. బిడ్డ నడక రోజురోజుకూ తగ్గుతుంటే ఎవరైనా ఏ తలుపైనా తడతారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి.

స్టెమ్ సెల్స్ సంగతి: మన దేశంలో కొన్ని రక్త సంబంధ జబ్బులకు మూలకణాల మార్పిడి ఆమోదం పొందిన చికిత్స. కండరాల జబ్బులకు అది ట్రయల్‌గా, అంటే నియమాల ప్రకారం చేసే పరిశోధనగా మాత్రమే జరగాలి. ఎవరైనా ట్రయల్ అంటే రెండు ప్రశ్నలు అడిగించండి. ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ జాబితా సీటీఆర్ఐలో నమోదు సంఖ్య ఎంత? మా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? సంఖ్య చెప్పలేకపోయినా, లక్షలు అడిగినా అక్కడికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి.

పొడి సంగతి ఇంకా జాగ్రత్త. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం కొత్త కాదు. వారంలో ఆకలి పెరిగి, పిల్లవాడు హుషారవుతాడు, "పనిచేస్తోంది" అనిపిస్తుంది. డుషెన్ అనే కండరాల జబ్బున్న పిల్లలు చాలామంది డాక్టరు రాసిన స్టెరాయిడ్ వాడుతూనే ఉంటారు. పొడి మీద నమ్మకంతో దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క వాక్యం గ్రూపులో పిన్ చేసి పెట్టండి: "స్టెరాయిడ్ మందు డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు." అలాగే విల్సన్ జబ్బు ఉన్న ఇంట్లో రాగి చెంబు నీళ్లు, రాగి భస్మం ఆరోగ్యం పేరుతో ఇస్తుంటారు. ఆ జబ్బే ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు.

ప్రశ్న: మందు హైదరాబాద్‌లో ఇచ్చి, మా దగ్గరి ఆసుపత్రిలో ఎక్కించుకోమన్నారు. ఎండాకాలం కాగజ్‌నగర్ దాకా ఎలా తేవాలి? — ఆసిఫాబాద్

జవాబు: ఎంజైమ్ మందులు సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకడితే పాడవుతాయన్నది మర్చిపోతారు, మందు ఎక్కువగా పోయేది అలాగే. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకులు నేరుగా పెట్టెలో పెట్టి, సీసాలు వాటికి ఆనించి కట్టేస్తారు. గంటలో అంచున ఉన్న సీసా గడ్డకడుతుంది, మళ్లీ కరుగుతుంది, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. లోపల ప్రోటీన్ చెడిపోయి ఉంటుంది.

టీకాలు మోసే పెట్టె లాంటిది వాడండి. ఐస్‌ప్యాకులు బయటపెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా ఆగండి. అప్పుడే నాలుగు వైపులా సర్దండి. సీసాలను వాటి అట్టపెట్టెల్లోనే ఉంచి, మధ్యలో ఇంకో అట్ట పెట్టండి. లోపల చిన్న డిజిటల్ థర్మామీటరు, దాని అంకెలు బయట కనిపించేలా. పెట్టె మూసిన సమయం స్టిక్కర్ మీద రాయండి. సికింద్రాబాద్ నుంచి కాగజ్‌నగర్ గంటల తరబడి ప్రయాణం. రామగుండం, మంచిర్యాల దగ్గర మధ్యాహ్నం ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పగటి బండి వదిలి రాత్రి బండి పట్టుకోండి. పెట్టె సీటు కింద పెట్టండి, కిటికీ పక్కన వద్దు, దారిలో తెరవద్దు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపులో పెట్టకూడదు, ఫ్రీజర్ కింది అరలో వెనక గోడకు ఆనించకూడదు. మధ్య అరలో డబ్బాలో పెట్టండి. కింది అర నిండా నీళ్ల సీసాలుంటే కరెంటు పోయినా చల్లదనం కొంతసేపు నిలుస్తుంది. వేడి తగిలిందని అనుమానం వస్తే పారేయకండి, ఎక్కించనూ వద్దు. ఫ్రిజ్‌లో విడిగా పెట్టి, ఎన్ని డిగ్రీల్లో ఎంతసేపు ఉందో, బ్యాచ్ నంబరుతో సహా రాసుకుని డాక్టరుకు చెప్పండి. ఎక్కించే రోజు ఆసుపత్రిలో ఎవరున్నారో ముందురోజే కనుక్కోండి. ఎలర్జీ వస్తే చూసే డాక్టరు లేని పూట ఎక్కించకూడదు.

ప్రశ్న: అరుదైన జబ్బుకు వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా? — పెద్దపల్లి

జవాబు: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో కండరాల క్షీణత, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ పేరుతోనే ఉన్నాయి. మిగతా జబ్బుల్లో చాలావాటికి పేరును బట్టి కాదు, అవి నడకను, చూపును, వినికిడిని, బుద్ధిని ఎంత దెబ్బతీశాయన్నదాన్ని బట్టి ఇస్తారు. చాలా ప్రయోజనాలకు 40 శాతం ఉండాలి. సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు వెళ్లేటప్పుడు జబ్బు రిపోర్టుతో పాటు, బిడ్డ ఏ పని సొంతంగా చేసుకోలేడో డాక్టరుతో రాయించిన కాగితం తీసుకెళ్లండి.

ప్రశ్న: మేనరికం చేసుకున్న జంట. మొదటి బిడ్డకు జబ్బు. రెండో బిడ్డను కనొచ్చా అని నన్నే అడుగుతున్నారు. — మహిళా వాలంటీరు, జనగామ

జవాబు: కనొచ్చనీ వద్దనీ మీరు చెప్పకూడదు. ఇంట్లో అత్తగారు కోడలి వైపే వేలు చూపిస్తుంటే మాత్రం ఒక్కటి తప్పక చెప్పండి: ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. తప్పు ఒకరిది కాదు. అలాంటి జబ్బయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు.

మీ అసలు పని సమయం దాటిపోకుండా చూడటం. మొదటి బిడ్డ జన్యు రిపోర్టు, తల్లిదండ్రుల పరీక్ష గర్భం రాకముందే అయిపోవాలి. గర్భంలో పరీక్షకు మావి నుంచి ముక్క తీసేది సుమారు 11 నుంచి 13 వారాల్లో, ఉమ్మనీరు తీసేది 16 వారాల తర్వాత. మొదటి బిడ్డ జన్యువుల్లో ఏ మార్పు ఉందో తెలియకపోతే కడుపులో దేనికోసం వెతకాలో తెలియదు. నాలుగో నెలలో వచ్చి అడిగేవాళ్లకు పరీక్ష ఫలితం కోసం వారాలు పోతాయి. అందుకే మొదటి బిడ్డ బాగాలేని స్థితిలో ఉంటే, ఎంత కష్టమైన మాటయినా, జన్యు పరీక్షకు నమూనా తీసి భద్రపరిచారా అని డాక్టరును అడగమనండి.

ప్రశ్న: మా గ్రూపులో ఒక పాప చనిపోయింది. ఆ తల్లిని గ్రూపులో ఉంచాలా, తీసెయ్యాలా? — కరీంనగర్

జవాబు: మీరుగా తీసెయ్యకండి. ఆమె ఉండాలనుకుంటే ఉండనివ్వండి. దినాలయ్యాక ఒకరు ఇంటికి వెళ్లండి. పాప పేరు పలకండి, పలకడానికి భయపడకండి. నెల తర్వాత, మళ్లీ పాప పుట్టినరోజు నాడు ఫోన్ చెయ్యాలని సంఘం క్యాలెండర్‌లో రాసుకోండి.

మిగిలిన మందు వేరే బిడ్డకు ఇచ్చేస్తామని కొందరు తల్లులు అడుగుతారు. ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న సీసా ఎలా నిలవైందో ఎవరికీ తెలియదు. ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి చేర్చండి. చక్రాల కుర్చీ, నెబ్యులైజర్ లాంటివి వాళ్లంతట వాళ్లు ఇస్తే తీసుకోండి. నెబ్యులైజర్‌కు మాస్కు, గొట్టం కొత్తవి వేయించి ఇవ్వండి. అడగడం మాత్రం మీ వైపు నుంచి మొదలు కాకూడదు.