అడగండి చెప్తాం: సీమ యాస, డెల్టా నీళ్ళు, కొత్తగా పెరిగిన తీరం

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా యాస వింటే ఆఫీసులో నవ్వుతారండీ, అసలైన తెలుగంటే గోదావరి జిల్లాలదే అంటారు. ఇందులో నిజమెంత?
(ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: నవ్వేవాళ్ళకి కలమళ్ళ పేరు చెప్పండి, మీకు దగ్గర్లోనే, ఎర్రగుంట్ల మండలం. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఆ ఊళ్ళోనే దొరికింది, పూర్తిగా తెలుగులో ఉన్నవాటిలో అదే మొదటిదని చాలామంది పండితుల మాట. అంతకుముందు శాతవాహనులు ప్రాకృతంలో రాయించారు, వేంగిలో శాలంకాయనులేమో ప్రాకృతం, సంస్కృతం, ఊళ్ళో రైతుకి అందులో ఎంత అర్థమయ్యేదో దేవుడికే తెలియాలి. రేనాటివాళ్ళు ఏమంత పెద్ద రాజులు కాదు, ఒకపక్క పల్లవులు ఇంకోపక్క చాళుక్యులు, మధ్యలో నలిగినవాళ్ళే, ఐనా జనం భాషని రాతి మీదకి ఎక్కించింది వాళ్ళే. ఆ తర్వాత 848లో అద్దంకి శాసనంలో తరువోజ పద్యం కనిపిస్తుంది, పదో శతాబ్దంలో కరీంనగర్ వైపు కుర్క్యాల గుట్ట మీద కంద పద్యాలున్నాయి. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టింది పదకొండో శతాబ్దంలో, అప్పటికే కలమళ్ళ శాసనం పడి నాలుగొందల ఏళ్ళు దాటిపోయింది.

మరి గోదావరి మాటకి ఆ విలువెలా వచ్చిందంటే నాకు తోచింది చెప్తా, నీళ్ళ వల్ల. 1832-33లో నందన కరువుకి గుంటూరు సీమ అల్లాడింది, గోదావరి జిల్లాల పరిస్థితి కూడా అప్పట్లో అంతంతమాత్రమే, నది పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళెక్కవు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక వరి పండింది, వరి వెనక డబ్బు, డబ్బు వెనక రాజమండ్రి, కాకినాడ కాలేజీలు, అచ్చుయంత్రాలు, పత్రికలు, తర్వాత సినిమావాళ్ళు. చదువుకున్న కోస్తావాళ్ళు మాట్లాడిందే పుస్తకాల్లోకి ఎక్కి స్టాండర్డ్ అయి కూర్చుంది, అంతేగానీ మిగతా యాసల్లో లోపమేం లేదు. ఇంకో మాట, సి.పి. బ్రౌన్ పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకి నకళ్ళు రాయించింది కడపలో, తన బంగ్లాలోనే, ఇప్పుడు ఆయన పేరుమీద లైబ్రరీ ఉన్నదీ ఆ ఊళ్ళోనే. ఈసారి ఎవరైనా నవ్వితే ఇది కూడా వినిపించండి.

ప్రశ్న: ఒకే రాష్ట్రంలో ఉండి అనంతపురానికి అంత తక్కువ వానలేంటండీ? ఇప్పుడక్కడ పండ్లతోటలు పెరిగాయంటున్నారు, నిజమేనా?
(ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే వర్షించేసి ఇటు వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి, ఈశాన్య రుతుపవనాలేమో సముద్రం నుంచి అంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి, రెండిటికీ చివరే ఆ జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, మీ వైపు పడేదాంట్లో సగం అనుకోండి. అందుకే తరాల తరబడి ఎర్రనేలల్లో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటమే వాళ్ళ పని. తోటల మాట నిజమే, చీనీ (అదే బత్తాయి), దానిమ్మ, అరటి బాగా వచ్చాయి, డ్రిప్పు పెట్టారు, హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంతో శ్రీశైలం నీళ్ళని మోటార్లతో ఎత్తి తెస్తున్నారు. కాకపోతే ఆ నీళ్ళు అందని ఊళ్ళలో ఇంకా బోర్లే గతి, ఒకటి ఎండితే ఇంకోటి, అప్పు మీద అప్పు, తోటల ఫోటోలు చూసి అంతా బాగుందనుకోలేం. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు నుంచి 2019లో కార్లు రావడం మొదలయ్యాక కొంతమందికి పొలం కాకుండా వేరే దారి దొరికింది.

ప్రశ్న: మన సముద్రతీరం 974 కిలోమీటర్లా, 1053 కిలోమీటర్లా? మా అబ్బాయి పుస్తకంలో ఒకటి, పేపర్లో ఇంకోటి!
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: రెండూ కరెక్టే, కొలిచిన పద్ధతి మారింది. పాత లెక్క 1970ల నాటిది, పెద్ద స్కేలు మ్యాపులు చేతికొచ్చాక ప్రతి వంపునీ, నదులు కలిసేచోట్లనీ లెక్కేస్తే 1053 వచ్చింది. తమాషా ఏంటంటే తమిళనాడుది మనకంటే ఇంకా ఎక్కువ పెరిగి 1068 దాటింది, దాంతో గుజరాత్ తర్వాత మనమే అని చిన్నప్పటి నుంచి చెప్పుకున్న రెండో స్థానం పోయింది. అబ్బాయి పోటీ పరీక్షలు రాసేవాడైతే కొత్త అంకెలు చదువుకోమనండి, స్కూలు పరీక్షకైతే మాత్రం టీచర్‌ని ఒకసారి అడిగి రాయడమే మంచిది.