టెక్ సందేహాలు: 1544 అని చూపిస్తున్నా ఫైలు ఎందుకు కదలదు?

ప్రశ్న: అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ కోర్సు) నేర్చుకుంటున్నాను. ప్రాక్టీసు కోసం సికింద్రాబాద్ సీటీసీలో రెండు పాత సిస్కో 2600 రూటర్లు, రెండు విక్-2టీ కార్డులు (రూటర్‌కు రెండు సీరియల్ పోర్టులు ఇచ్చేవి), వాటిని కలిపే కేబుల్ కొన్నాను. ‘షో ఇంటర్‌ఫేస్’ కమాండ్ కొడితే ‘బీడబ్ల్యూ (బ్యాండ్‌విడ్త్) 1544 కేబిట్’ అని వస్తోంది. కానీ ఒక ఎంబీ ఫైలు పంపితే రెండు నిమిషాలకు పైగా పడుతోంది. కార్డులు పాడయ్యాయా? బ్యాండ్‌విడ్త్ 8000 అని ఇస్తే స్పీడు పెరుగుతుందా? – ఎస్సార్ నగర్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: కార్డులు బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. బ్యాండ్‌విడ్త్ కమాండ్‌తో మాత్రం స్పీడు ఒక్క బిట్ కూడా పెరగదు. ఆ 1544 ఎవరూ కొలిచి చెప్పిన స్పీడు కాదు, సీరియల్ పోర్టుకు సిస్కో ముందే పెట్టిన అంకె. అమెరికాలో వాడే టీ1 లైన్‌ది. మన దగ్గర వాడే ఈ1 లైన్ అయితే 2048.

అసలు స్పీడును నడిపేది క్లాక్, అంటే సెకనుకు ఎన్ని బిట్లు పంపాలో తాళం వేసే సిగ్నల్. బయట లీజ్డ్ లైన్ తీసుకున్నప్పుడు క్లాక్ ఇచ్చేది మోడెమ్. ఇంట్లో రెండు రూటర్లను నేరుగా కలిపితే, కేబుల్‌లో డీసీఈ కొస (క్లాక్ ఇచ్చే వైపు) తగిలించిన రూటరే ఇవ్వాలి. ‘షో కంట్రోలర్స్ సీరియల్ 0/0’ కొట్టండి. పైన ఉండే వరుసల్లోనే ‘డీసీఈ వీ.35, క్లాక్ రేట్ 64000’ అని కనిపిస్తుంది. కనిపించకపోతే డీసీఈ కొస రెండో రూటర్‌కు ఉన్నట్టు, అక్కడ చూడండి.

64000 అని అంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు రాసిన టైమే చెబుతోంది. ఒక ఎంబీ అంటే దాదాపు 84 లక్షల బిట్లు. సెకనుకు 64 వేల చొప్పున వెళ్తే 131 సెకన్లు. కోచింగ్ నోట్సుల్లో ఏళ్లుగా ‘క్లాక్ రేట్ 64000’ అనే రాయిస్తున్నారు. లింక్ పైకి లేస్తే చాలు, పాఠం అయిపోతుంది. అది ఎందుకు పెట్టామో కూడా పిల్లలకు చెప్పాలి, అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

డీసీఈ వైపు ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి ‘క్లాక్ రేట్’ తర్వాత ప్రశ్న గుర్తు కొడితే, ఆ కార్డు ఒప్పుకునే అంకెలన్నీ వస్తాయి. 2000000 పెట్టండి. అదే ఫైలు కొన్ని సెకన్లలో వెళ్లిపోతుంది. విక్-2టీకి 2600లో పరిమితి 8 ఎంబీపీఎస్, అదీ ఒక్క పోర్టే వాడితే. రెండూ వాడితే ఒక్కోదానికి 4. అదే కార్డును 1700 సిరీస్ రూటర్‌లో పెడితే పోర్టుకు 2 దగ్గరే ఆగిపోతుంది. కార్డు ఒక్కటే చూస్తే సరిపోదు, అది ఎక్కిన రూటర్‌నూ చూడాలి.

బ్యాండ్‌విడ్త్ కమాండ్ పనికిరానిదేమీ కాదు. రూటర్లు దారి వెతుక్కునే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి దారి ఎంచుకునేది ఆ అంకెను చూసే. ఆ అంకెతో ప్రతి లింక్‌కు ‘కాస్ట్’ లెక్కేసి, మొత్తం కాస్ట్ తక్కువ ఉన్న దారి పడుతుంది. 1544 ఉంటే కాస్ట్ 64. నిజంగా 64 కేబీపీఎస్ నడుస్తుంటే కాస్ట్ 1562 రావాలి. అంకె తప్పుగా ఉంటే రూటర్ మంచి దారిని వదిలేసి ఈ ఇరుకు లింక్‌లోకి ట్రాఫిక్‌ను తోస్తుంది. క్లాక్ మార్చిన ప్రతిసారీ రెండు వైపులా బ్యాండ్‌విడ్త్‌ను కూడా సరిచేయండి.

ప్రశ్న: విక్-2టీ అడిగితే షాపులో విక్-2ఏ/ఎస్ ఇస్తున్నారు. రెండూ ఒకటే, ధర కూడా తక్కువ అంటున్నారు. తీసుకోవచ్చా? – దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు

జవాబు: ఒకటే కావమ్మా. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, రెండింటికీ అవే రెండు స్మార్ట్ సీరియల్ పోర్టులు. కానీ విక్-2ఏ/ఎస్ సింక్రనస్‌లో (క్లాక్ సిగ్నల్‌తో నడిచేటప్పుడు) 128 కేబీపీఎస్ దాటదు. కమాండ్లు, రూటింగ్ నేర్చుకోవడానికైతే హాయిగా సరిపోతుంది. 2 ఎంబీపీఎస్ లైన్‌కు పెట్టాలనుకుంటే వద్దు. డబ్బు ఇచ్చే ముందు కార్డు ముందు వైపు అచ్చయిన పేరు చదవండి. వీలైతే రూటర్‌లో పెట్టించి, లోపలున్న కార్డు ఏదో చెప్పే ‘షో డయాగ్’ కమాండ్ కొట్టి చూపించమనండి.

ప్రశ్న: ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. పాత 2611లో సీరియల్ కార్డు వేసి వాడుకోవచ్చా? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: ఫైబర్‌కు సీరియల్ కార్డుతో పని లేదు. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చే తీగ ఈథర్నెట్ పోర్టులోకే వెళ్తుంది. 2611లో ఆ పోర్టులు 10 ఎంబీపీఎస్‌వి. దాన్ని ల్యాబ్‌కు ఉంచుకుని, ఇంటికి గిగాబిట్ పోర్టులున్న వైఫై రూటర్ తీసుకోండి.