సాగిన గొలుసు, సాగుతున్న విశ్వం

ప్రశ్న: నేను సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైనవాణ్ణి. విశ్వం వ్యాకోచించే వేగం ఒక పుస్తకంలో 73 అని, ఇంకోదాంట్లో 67 అని ఉంది. ‘ఏది రాయాలి తాతా?’ అంటున్నాడు మనవడు. అసలు గొలుసు పట్టని చోట ఎలా కొలుస్తారండీ?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: గొలుసు పట్టినవారే అడిగారు కాబట్టి నా పని తేలికైంది. 73 అంటే, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ సెకనుకు 73 కిలోమీటర్ల చొప్పున గెలాక్సీలు మన నుంచి దూరం జరిగే వేగం పెరుగుతుందని. వేగం పట్టుకోవడం సులువే. గెలాక్సీ వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) కాల్షియం గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూస్తే చాలు. తంటా అంతా దూరంతోనే. చీకట్లో కనిపించే లైటు పక్క చేలో టార్చో, అవతలి ఊళ్లో లారీయో ఎలా చెబుతాం?

దారి చూపింది హార్వర్డ్ అబ్జర్వేటరీలో గాజు ఫొటో పలకలు పరిశీలించే ఉద్యోగి హెన్రియెట్టా లెవిట్. (నేను పాతికేళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఆవిడ పేరు ఒక్కసారి పలికితే ఒట్టు.) సెఫీడ్ నక్షత్రాలు వెలుగుతూ, మసకబారుతూ ఉంటాయి. ఆ చుట్టు తిరగడానికి ఎక్కువ రోజులు పట్టే నక్షత్రానికి అసలు కాంతి కూడా ఎక్కువని 1912లో 25 నక్షత్రాలతో తేల్చారు. రోజులు లెక్కపెడితే అసలు కాంతి తెలుస్తుంది. మనకెంత మసకగా కనిపిస్తోందో చూస్తే దూరం వచ్చేస్తుంది.

ఇదే పద్ధతితో 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్‌కు తేలింది దాదాపు 500! ఆ లెక్కన విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లే. భూమ్మీది రాళ్లే అంతకన్నా ముసలివి. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం తక్కువ తేలుతుందని మీకు చెప్పాలా? అదే జరిగింది. సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని, మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా అనుకున్నదానికి రెట్టింపు దూరంలో ఉందని 1952లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే చెప్పారు. అంతకుముందు యుద్ధకాలంలో లాస్ ఏంజెలెస్ దీపాలు ఆర్పేయడంతో, మౌంట్ విల్సన్ కొండ మీద ఆ చీకటి ఆయనకు కలిసొచ్చింది.

ఇక మీ రెండంకెలు. 73 అనేది సెఫీడ్‌లతో, సూపర్‌నోవాలతో (పేలిపోయే నక్షత్రాలతో) ఆడమ్ రీస్ బృందం కొలిచినది. 67 అలా కాదు. 1380 కోట్ల ఏళ్లనాటి వెలుగును ప్లాంక్ ఉపగ్రహం చూస్తే, దాన్నిబట్టి ఇప్పటికి ఎంత ఉండాలో సిద్ధాంతంతో కట్టిన లెక్క. మళ్లీ గొలుసు సాగిందేమోనని జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో సెఫీడ్‌లను తిరిగి చూసినా 73 దిగలేదు. వెండీ ఫ్రీడ్‌మన్ బృందానికేమో 70 దగ్గర వస్తోంది.

మనవణ్ణి 73, 67 రెండూ రాయమనండి. పక్కన దేంతో కొలిచారో కూడా రాస్తే మార్కులు ఎక్కడికీ పోవు.