పాత ఫారెస్టర్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి జయపురం నుంచి మీ మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. రాయగడలో నీ క్షేమం తెలుపుతూ ఉండవలెను.

భువనేశ్వర్‌లో ఎవరిదో పాత షెవర్లే ఫారెస్టర్ కారు చూశావనీ, బేరం దాదాపు కుదిరిందనీ, దసరా సెలవుల్లో దానిమీదే సాలూరు ఘాటీ ఎక్కి, ఇక్కడ మమ్మల్ని చూసి దేవమాలి కొండకు వెళతానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతున్నంతసేపూ అక్క గొంతులో కోపమే ఉంది. నాకు మాత్రం ముందు సంతోషం కలిగి, ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. సునాబెడ విమాన ఇంజన్ల కారఖానా క్వార్టర్లలో ఆదివారం పూట నా పక్కన నిలబడి టార్చి పట్టుకున్న పిల్లవు నువ్వు. ఏ స్పానరు అడుగుతానో నేను అడగకముందే చేతికి అందించేదానివి. ఇప్పుడు సొంతంగా ఒక బండిని, అందులోనూ ఆ బండినే, ఎంచుకున్నావంటే అందులో నా పాపమూ కొంత ఉందని మీ అమ్మ అనడం న్యాయమే. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కాగితం తీశాను. నువ్వు బడిలో ఒడియా చదువుకుని తెలుగు ఇంట్లో నేర్చుకున్నదానివి కనుక, కలిపిరాత లేకుండా విడివిడిగా రాస్తున్నాను, నెమ్మదిగా చదువు.

ముందుగా ఆ బండి ఎవరి బిడ్డో గుర్తుంచుకో. ముందు షెవర్లే గుర్తు ఉంటుంది గాని లోపలి సంసారమంతా జపాన్ కంపెనీ సుబారుదే. 1999లో షెవర్లే సొంతదారు జనరల్ మోటార్స్ సంస్థ, సుబారు కార్లు చేసే ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్‌లో 20 శాతం వాటా తీసుకుంది. ఆ స్నేహం పుణ్యమా అని సుబారు ఫారెస్టర్ మన దేశంలో షెవర్లే పేరుతో అమ్ముడుపోయింది. ఆ వాటాను 2005లో వదులుకున్నారు. 2017 చివరికి షెవర్లే కార్ల అమ్మకమే మన దేశంలో ఆగిపోయింది. అందుచేత షెవర్లే పేరు చెప్పి విడిభాగం అడిగితే దుకాణంవాడు నీ ముఖం చూస్తాడు. చాసిస్ నంబరు ఇచ్చి, సుబారు విడిభాగం నంబరు తెలుసుకుని, దానితో వెతకాలి. నావి చాలావరకు దుబాయిలో ఉన్న మనవాళ్లు షార్జా నుంచి తెచ్చి ఇచ్చినవే. అవసరం పడ్డాక వెతకడం కాదు. అవసరం పడకముందే బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, హోసులు ఒక్కొక్క జత ఇంట్లో ఉండాలి.

కాగితాల సంగతి ఒక్క మాటలో చెబుతాను: పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి కనుక ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో, అయితే ఎంతవరకు ఉందో చూడకుండా రూపాయి ఇవ్వవద్దు.

బండి చూడడానికి పొద్దున్నే వెళ్లు. వెళ్లగానే మాటలు మొదలుపెట్టకుండా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు; వెచ్చగా ఉంటే అమ్మేవాడు నువ్వు వచ్చేలోపే ఇంజను నడిపి ఉంచాడన్నమాట, మరోరోజు వస్తానని చెప్పి వచ్చెయ్యి. చల్లని ఇంజను మొదలుపెట్టినప్పుడు కాసేపు టకటకమని చప్పుడు వచ్చి, వేడెక్కాక పోతే కంగారుపడకు. ఈ ఇంజన్లలో పిస్టన్ల చప్పుడు అలాగే ఉంటుంది. వేడెక్కినకొద్దీ, యాక్సిలరేటరు నొక్కినకొద్దీ పెరిగే దెబ్బ చప్పుడైతే అది బేరింగుల చప్పుడు. నమస్కారం పెట్టి తిరిగి వచ్చెయ్యి. తరువాత ఖాళీగా ఉన్న తారురోడ్డు మీద స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడుపు. ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు బండి బిగదీసుకుంటే ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్‌లో ఉండే విస్కస్ కప్లింగ్ పోయిందని అర్థం.

వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకో. ఈ ఇంజనులో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ తరువాత ఇంజను ధర బండి ధరను మించుతుంది. లక్ష కిలోమీటర్లు తిరగలేదు కదా అని మీటరు చూపించి నీకు నచ్చజెబుతారు. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతో కూడా ముసలిదవుతుంది. బెల్టుతో పాటు దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు, కప్పీలు, నీటి పంపు కూడా ఆ పూటే మార్పించు. ఆ పంపు బెల్టుతోనే తిరుగుతుంది కనుక అది బిగుసుకుపోతే కొత్త బెల్టు కూడా దక్కదు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేడి. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లూ రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. దానివల్ల బరువు కిందికి దిగి, ఘాటీ మలుపుల్లో బండి నేలను అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఆ సుఖం మరిగినవాడు వేరే బండి నడపలేడు, నేనే సాక్షి. అయితే సిలిండర్లను మూసే హెడ్లు రెండు, వాటి సందులు కారకుండా పెట్టే గాస్కెట్లు రెండు, రెండువైపులా నీళ్ల దారుల్లో గాలి ఇరుక్కునే చోట్లు కూడా ఎక్కువే. హెడ్ గాస్కెట్ల గురించి నువ్వు చదివి భయపడినవి చాలావరకు అమెరికాలో నడిచే 2.5 లీటర్ల ఇంజనువి. దాని సిలిండరు వ్యాసం 99.5 మిల్లీమీటర్లు, మన 2 లీటర్లదానికి 92. సిలిండర్ల మధ్య గాస్కెట్‌కు దొరికే జాగా మనదానిలోనే ఎక్కువ, కాబట్టి అది దానంతట అది పోవడం తక్కువ. మనుషులు పోగొట్టడమే ఎక్కువ. అది ఎలా జరుగుతుందో ఇప్పుడు చెబుతాను. మీ నాన్నగారు చదివితే నొచ్చుకుంటారేమో, అయినా నీకు తెలియాలి.

నువ్వు చిన్నపిల్లవు. మే నెల, కొరాపుట్‌లో మన చుట్టాల పెళ్లి. నేను ముందురోజే అక్కడికి చేరుకున్నాను. సాలూరులో ఉన్న పెద్దవాళ్లను తీసుకురావడానికి బావగారు నా ఫారెస్టర్ పట్టుకెళ్లారు. తిరిగి బయలుదేరేటప్పుడు ఇంజనును చల్లబరిచే కూలెంట్ సీసా అడుగంటి ఉండడం చూసి, సీసా నిండా నీళ్లు పోసి మూత పెట్టారు. సీసాలో తగ్గిందంటే రేడియేటర్‌లోనూ తగ్గి ఉండవచ్చనీ, పోసిన నీళ్లు వెంటనే వాటంతట అవి లోపలికి వెళ్లవనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముందు సరుకు లారీలు నత్తనడకన ఎక్కుతున్నాయి, లోపల ఏసీ నడుస్తోంది, ముహూర్తం దగ్గరపడుతోంది. ఘాటీలోని సుంకి చేరకముందే ఇంజను వేడి చూపే ముల్లు సగం దాటింది. వెనక కూర్చున్న పెద్దాయన ఆపమన్నాడట. ఘాటీ ఎక్కేస్తే ఇక సాఫు రోడ్డే కదా అని బావగారు ఆపలేదు. చివరికి పొగలాంటి ఆవిరి కనబడి సుంకిలో ఆపి, తువ్వాలు అడ్డుపెట్టుకుని రేడియేటర్ మూత తిప్పారు. ఆయన కుడి ముంజేతి మీద ఉన్న మచ్చ గురించి నువ్వు అడిగినప్పుడు గంజి ఒలికిందని చెప్పారు కదా, అది గంజి కాదు.

అంతటితో ఆగినా బండి దక్కేది. వాగు నీళ్లు తెచ్చి మరిగే ఇంజనులో పోశారు. కాలిన ఇనుప పెనం మీద నీళ్లు చల్లినట్టు అల్యూమినియం హెడ్డు ఒక్కసారిగా కుంచించుకుపోయి ఉంటుంది. మళ్లీ బయలుదేరాక కాసేపటికి ముల్లు టక్కున కిందికి పడింది. ఆయన అమ్మయ్య అనుకున్నారు. తల్లీ, ఈ ఉత్తరంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఎక్కుడులో కాలుతున్న ఇంజను ముల్లు హఠాత్తుగా పడిందంటే చల్లబడిందని కాదు, సెన్సారు చుట్టూ నీళ్లు లేకుండా పోయాయని. నీళ్లను కొలిచే ముల్లు గాలిని కొలుస్తోంది. పొట్టంగి దాటాక బండికి ఊపు పోయి, మెల్లగా నిలిచిపోయింది.

నాకు కబురు అంది నేను వెళ్లేలోపు మరో పని జరిగిపోయింది. సాయం చేయడానికి వచ్చిన లాగుడు బండివాడు ముందు చక్రాలు ఎత్తి కట్టి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుతుండగా కొరాపుట్ దాకా లాక్కువచ్చాడు. మామూలు కారుకు అది సరిపోతుంది. నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసి తిరగవలసిన ఈ బండికి అది చావుదెబ్బ. రెండు చక్రాలు ఆగి రెండు తిరుగుతుంటే విస్కస్ కప్లింగ్ లోపల మాడిపోతుంది. రెండు హెడ్లూ విశాఖపట్నం పంపి చదును చేయించి, పలుపొరల ఉక్కు గాస్కెట్లు తెప్పించి, కప్లింగ్ కోసం ఎదురుచూసి, అది మళ్లీ రోడ్డెక్కేసరికి ఆ పెళ్లి జరిగిన ఇంట్లో సీమంతం కూడా అయిపోయింది. బావగారిని నేను ఒక్క మాట అనలేదు. చేతికి కట్టుతో పందిట్లో కూర్చున్న మనిషిని ఏమంటాము?

కనుక నువ్వు చేయవలసింది ఇది. బండి కదలకముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సీసా చూసి ఊరుకోకుండా రేడియేటర్ మూత తీసి అంచుదాకా ఉందో లేదో చూడు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటరు. బోరు నీళ్లు ఎన్నడూ వద్దు. కూలెంట్ మార్చిన ప్రతిసారీ బండి ముందుభాగం కాస్త ఎత్తులో పెట్టి, రేడియేటర్ పైనున్న, గాలి బయటికి వదిలే మర తీసి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాను రెండు మూడుసార్లు తిరిగి ఆగేదాకా నిలబడి, దిగినంత మళ్లీ పోయాలి. మన ఎండల్లో హీటరు ఎందుకని మెకానిక్ నవ్వుతాడు, నవ్వనియ్యి. థర్మోస్టాట్ సుబారుదే వెయ్యి. ఘాటీలో ముల్లు సగం దాటడం మొదలుపెడితే ఏసీ ఆపి, ఇంజను వేడి బయటికి లాగేలా హీటరు పూర్తిగా తిప్పి, చోటు దొరికిన మొదటి చోట ఆగు. హీటరులోంచి వేడిగాలికి బదులు చల్లగాలి వస్తే దానికి నీళ్లు అందడం లేదన్నమాట; చోటు కోసం కూడా చూడకు, అంచుకు తీసి వెంటనే ఇంజను ఆపు. మూత ముట్టుకోకు. గంట పట్టనీ, పెళ్లే కాదు, మరేదైనా దాటిపోనీ.

గాస్కెట్ పోతోందని ముందే తెలుసుకునే ఉపాయాలూ ఉన్నాయి. దూరం నడిపి ఆపిన వెంటనే సీసాలోకి తొంగిచూడు. ఇంజను నడుస్తుండగా అందులో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండరులోని గాలి నీళ్లలోకి దారి చేసుకుందన్నమాట. అనుమానం ఉంటే, పొగ తగిలితే నీలం నుంచి పసుపుకు మారే పరీక్ష ద్రవంతో చూడమని చెప్పు. కిందనుంచి చూస్తే హెడ్డూ బ్లాకూ కలిసేచోట తడి ఉందా అన్నదీ చూడు. ఆగినప్పుడు నూనె కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే హడలిపోకు. చాలాసార్లు అది వాల్వ్ కవర్ల గాస్కెట్ కారి, కిందనున్న ఎగ్జాస్ట్ గొట్టం మీద చుక్కలు పడడమే. చవక పని. స్పార్క్ ప్లగ్గులు మార్చడం మాత్రం ఓపిక పని. ఒకవైపు బ్యాటరీ, మరోవైపు ఎయిర్ క్లీనరు డబ్బా తీస్తే గాని చెయ్యి దూరదు. నీ చేతులు సన్నం కనుక నాకంటే నీకే తేలిక.

టైర్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి ఉండాలి. చుట్టుకొలతలో తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదంటారు, అంటే టైరు గాడుల (ట్రెడ్) లోతులో ఇంచుమించు 1 మిల్లీమీటరు. ఒక టైరు చిరిగిపోతే ఒక్కటి మాత్రం కొత్తది వేసి పంపే దుకాణంవాడి మాట వినవద్దు. స్టెప్నీ కూడా అదే కొలతది పెట్టుకో.

నేటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ బండి పుట్టినప్పుడు ఆ మాటే లేదు. కనుక ఇంధనం వెళ్లే పాత రబ్బరు గొట్టాలన్నీ కొన్న వెంటనే మార్పించు. బండిలో పెట్రోలు వాసన వస్తే దాన్ని పాత బండి వాసనగా సరిపెట్టుకోకు. ఇంజను ఆయిలు పెట్రోలు పోయించిన ప్రతిసారీ చూడు, నేల చదునుగా ఉన్నచోట. వెనక చక్రాల నుంచి విమానం ఎగిరినట్టు మోత వస్తే అది టైర్లదే అనుకోకు, బేరింగులది కావచ్చు.

ఒక నోటుపుస్తకం పెట్టు. కారఖానాలో మేము విమానం ఇంజనుకు రాసినట్టే ప్రతి పనీ తేదీతో, మీటరు అంకెతో రాయి. నా పుస్తకాన్ని చూసి మీ అత్తయ్య ఇంటి ఖర్చులు ఇంత శ్రద్ధగా రాస్తే బాగుండేదని ఇప్పటికీ దెప్పుతుంది.

రాత్రిపూట ఒంటరిగా ఘాటీ ఎక్కవద్దని చెబితే నీకు కోపం వస్తుందని తెలుసు. మగపిల్లవాడైనా ఇదే చెప్పేవాణ్ణి. సుంకి నుంచి పొట్టంగి మధ్య ఫోను అందకపోతే నిన్ను ఎక్కడని వెతకను? బండి ఆగిపోతే నాలుగు చక్రాలూ నేల తాకకుండా పూర్తిగా ఎక్కించుకునే లారీనే పిలవాలి, అది దొరికేదాకా బండిలో కూర్చోవాలి, ఎవరు తాడు తెచ్చినా వద్దనాలి. ఈ మాట నాకు మాటివ్వు.

అడ్వాన్సు ఇంకా పంపకపోతే పంపకు. ముందుగా నాలుగు టైర్ల మీద తయారీ తేదీ అంకెలు, చాసిస్ నంబరు, బెల్టు బిల్లు, చల్లగా ఉన్నప్పుడు మూత తీసిన రేడియేటర్ నోరు, ఈ నాలుగింటి ఫొటోలు నా ఫోనుకు పంపించు. అవి చూశాక నేను ఇక్కడ హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కుతాను, నువ్వు రాయగడలో ఎక్కు. ఇద్దరం కలిసే భువనేశ్వర్‌లో దిగి బండి చూద్దాం. నా టార్క్ రెంచీ, ఆ పరీక్ష ద్రవం సంచిలో పెట్టుకొస్తాను. మీ అమ్మకు నేను వస్తున్నట్టు నువ్వే చెప్పు, నేను చెబితే తిడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య